ఒక గూటికి ఒక్కసారే

ముప్పై ఏళ్లు నేను మనుషుల్ని గాల్లోకి లేపి బతికాను. సినిమాలో హీరో ఒక్క తన్ను తంతే పదిమంది వెనక్కి ఎగిరిపడతారు చూడండి, ఆ పదిమంది నడుములకీ కట్టిన తాళ్లు పట్టుకుని కెమెరాకి అవతల నిలబడేవాళ్లలో నేనొకణ్ణి. మా పనిని రోప్ పని అంటారు. తెర మీద తాడు కనపడకూడదు. తాడు పట్టుకున్నవాడు అసలే కనపడకూడదు. కనపడలేదు కూడా. ఇన్నేళ్లలో నా ముఖం ఒక్క ఫ్రేములోనూ లేదు. దానికి నాకేం బాధ లేదు. నాకున్న గర్వమల్లా ఒకటే, నా చేతిలో తాడుండగా కింద పడ్డవాడు ఒక్కడూ లేడు. కావాలంటే ఫిలింనగర్‌లో ఎవరినైనా అడగండి అనేవాణ్ణి. ఇప్పుడు అనడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ మొదటిసారి మా ప్రాక్టీసు గ్రౌండుకి వచ్చినప్పుడు ఎవరో కొత్త అసిస్టెంట్ డైరెక్టర్ అనుకున్నాం. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్స్, భుజాన మాసిన సంచి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఫైటర్లు పరుపుల మీద పల్టీలు కొడుతుంటే కాసేపు నిలబడి చూసింది.

"మీలో చెట్లెక్కేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

అందరూ నవ్వారు. ఎందుకమ్మా అంటే, గద్ద పిల్లల కాళ్లకి కడియాలు తొడగాలంది. ఈసారి ఇంకాస్త గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి. ఆవిడ మాత్రం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. నవ్వులు ఆగేదాకా ఆగి, విషయం చెప్పింది.

గద్దల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. ఆ రోజు నుంచి నేను డాక్టరమ్మా అనే పిలిచాను. "నేను సూది మందిచ్చే డాక్టర్ను కాదంకుల్" అని మొదట్లో అనేది, తర్వాత ఊరుకుంది. అటవీ శాఖ అనుమతి కాగితం ఎప్పుడూ ఆ సంచిలోనే ఉండేది. పని ఏమిటంటే, ఇంకా ఎగరడం రాని గద్ద పిల్లని గూట్లోంచి కిందికి దించాలి. కాలికి అల్యూమినియం కడియం తొడిగి, బరువూ రెక్క పొడుగూ రాసుకుని, మళ్లీ గూట్లో పెట్టెయ్యాలి. కడియం మీద ఒక నంబరు ఉంటుంది. ఆ పక్షి రేపు ఏ ఊళ్లో ఎవరి కంటపడినా, నంబరు చదివితే అది జూబ్లీహిల్స్‌లో ఫలానా చెట్టు మీద పుట్టిందని తెలిసిపోతుంది. అంతకు ముందు ఏడాది కొమ్మలు కొట్టేవాళ్లని పెట్టుకుందట. వాళ్లు గూడు అందుకోవడానికి అడ్డమొచ్చిన కొమ్మనల్లా నరికి కింద పడేశారట. అందుకని తాడు మీద ఎక్కేవాళ్లని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది.

అప్పటికి మా పని సన్నగిల్లింది. మనుషుల్ని కంప్యూటర్లోనే ఎగరేస్తున్నారు, ఇక తాడెందుకు, తాడు పట్టేవాడెందుకు? అయినా నేను ఒప్పుకున్నది పనిలేక కాదు. "మీ చేతిల ఎవ్వరు పడలేదని విన్న అంకుల్" అందావిడ. ఉబ్బిపోయాను. వారం తిరక్కుండా ఫిలింనగర్‌లో ఒక నీలగిరి చెట్టు కింద నడుముకి బెల్టు బిగించుకుని నిలబడ్డాను.

ఎక్కబోతుంటే భుజం పట్టుకుని ఆపింది.

"ఒక్క మాట అంకుల్. గిది షూటింగ్ కాదు. ఒక గూటికి ఒక్కసారే ఎక్కుడు, పిల్లలను దించి మళ్ల పెట్టుడు కలిపి ఒక్కసారి. నేను ఏదన్న మర్చిపోయినా, తప్పు రాసినా, మీ చెప్పు గూట్ల ఉండిపోయినా సరే, మళ్ల ఎక్కేది లేదు."

ఎందుకని అడిగాను. పిల్లని ఒకసారి దించి మళ్లీ పెడితే బెదురుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. వెంటనే రెండోసారి అదే మనిషి అదే తాడు మీద వస్తే, ఇక గూడు దానికి గూడులా ఉండదు. పారిపోవాలని చూస్తుంది. రెక్కలు పూర్తిగా రాని పిల్ల పారిపోవాలంటే దారేముంది, దూకడమే. నెల దాటిన పిల్లతో ఆ ప్రమాదం మరీ ఎక్కువ, అలాంటి గూటి జోలికే వెళ్లకూడదు. ఇంత వివరంగా చెప్పింది. నాకు తెలియలేదని అనడానికి వీల్లేనంత వివరంగా.

"మా దగ్గర ఒక్కసారితో అయిపోయే పని ఏదీ లేదమ్మా" అన్నాను నవ్వుతూ.

నిజమే మరి. సెట్లో డైరెక్టర్ "వన్ మోర్" అంటాడు. తాడు దగ్గరున్నవాడు "ఓకే సర్, రెడీ" అంటాడు. ఎందుకని అడగడు. మొదటిది బాగానే వచ్చిందిగా అనడు. అరచేతులు ఒలిచిపోయినా అంటాడు, పైన వేలాడుతున్నవాడికి కళ్లు తిరుగుతున్నా అంటాడు. అలా అనేవాడికే రేపు మళ్లీ పిలుపొస్తుంది. ఆ రెండు ముక్కలూ నా నోటికి ఎంత అలవాటైపోయాయంటే, ఒకసారి చర్చిలో పాస్టరుగారు పాట సరిగ్గా రాలేదు, ఇంకోసారి పాడదామంటే, మొదటి వరసలోంచి "ఓకే సర్, రెడీ" అన్నాను. మా ఆవిడ వారం రోజులు తల ఎత్తుకోలేకపోయింది.

రెండు సీజన్లు బాగా గడిచాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా పని. ఏదో సినిమాకి తెచ్చి వదిలేసిన క్రికెట్ హెల్మెట్ ఒకటి సంపాదించాను. అది లేకపోతే తల్లి గద్ద నెత్తి చీరేస్తుంది. వెనక నుంచి చప్పుడు చెయ్యకుండా వచ్చి తన్నిపోయేది. ఆ హెల్మెట్ మీద గోటి గీతలు లెక్కలేనన్ని. గూట్లోకి తొంగి చూస్తే ఒక్కోసారి నవ్వాగేది కాదు. గద్దలకి గుడ్డ పీలికలంటే మహా ఇష్టం, ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుకొస్తాయి. అడివిలో గద్ద ఏం తెచ్చుకుంటుందో నాకు తెలియదు. ఫిలింనగర్ గద్ద మాత్రం తళుకుల దుపట్టా ముక్కలూ, చిరిగిన కాల్‌షీట్ కాగితాలూ తెచ్చుకుంటుంది. ఒక గూట్లో పెట్టుడు మీసం దొరికింది. ఏ విలన్‌దో పాపం, దాని మీద పిల్లలు తీరిగ్గా రెట్ట వేసి ఉన్నాయి. డాక్టరమ్మ ఆ మీసాన్ని కూడా రిజిస్టర్లో ఎక్కించింది.

ఆవిడకి పెద్ద రిజిస్టరు ఉండేది, అందులో గూటికొక పేజీ. గూడు ఎక్కడ, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, ఏ రోజు ఎగిరాయి, ఎగరకపోతే కారణం. అది చూసి నేనూ ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కున్నాను. షూటింగ్ లేని రోజున పొద్దున్నే ఎవరో ఒకరి డాబా ఎక్కి, డాక్టరమ్మ ఇచ్చిన పాత బైనాక్యులర్స్‌తో గూళ్లు చూసి రాసేవాణ్ణి. మా ఆవిడ దెప్పేది. "మన పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారని అడిగితే నీళ్లు నమిలేవారు. గద్ద పిల్ల ఎన్ని రోజులదో మాత్రం ఠక్కున చెప్తున్నారే."

ఈ ఏడాది సంగతికి వస్తాను.

జూబ్లీహిల్స్‌లో ఒక హీరోగారి బంగళా ఉంది. ప్రహరీ లోపల పోర్టికో పక్కనే పెద్ద నీలగిరి చెట్టు, దాని చిటారున గూడు. ఎదురుగా ఉన్న డబ్బింగ్ థియేటర్ డాబా మీద నుంచి చూస్తే గూటి లోపలంతా కనపడేది. రెండు గుడ్లు పెట్టింది. పెద్దది బయటికొచ్చిన రెండు రోజులకి చిన్నది వచ్చింది. గద్దల్లో ఆ రెండు రోజుల తేడా చాలు. తల్లి మాంసం తెస్తే పెద్దది మీదపడి లాక్కునేది. చిన్నది మూల నక్కి నోరు తెరుచుకుని ఉండేది. అడ్డమొస్తే పెద్దది నెత్తి మీద పొడిచేది. పదో రోజున నా నోట్‌బుక్‌లో "చిన్నది దక్కదు" అని రాసుకున్నాను.

దక్కింది. పెద్దది కడుపు నిండి కునికేవేళ చిన్నది మెల్లగా పాక్కుంటూ తల్లి కాళ్ల కిందికి చేరేది. మిగిలిన తునకలు అదే తినేది. అలా నేర్చుకుంది, ఎవరూ నేర్పకుండా. ఇరవై రోజులకి లేచి నిలబడింది. ఒకరోజు గూటి మధ్యలో నిలబడి రెక్కలు రెండూ బార్లా చాపి, గాలి తగలగానే బెదిరిపోయి చతికిలబడింది. డాబా మీద ఒక్కణ్ణే ఉండి చప్పట్లు కొట్టాను. ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా, తెలివితో నెగ్గుకొచ్చిన ప్రాణి అది. నాకు దాని మీద ప్రేమ కలిగింది. యాభై రెండేళ్లవాడికి గద్ద పిల్ల మీద ప్రేమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి.

కడియాలు తొడగాలంటే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. హీరోగారి మేనేజరు చాలా మర్యాదస్తుడు. కాదనలేదు, అవుననలేదు. "సార్ డేట్స్ చూసి చెప్తానండీ మేడమ్" అంటూ రెండు వారాలు తిప్పాడు. గద్ద పిల్లకి కూడా డేట్లుంటాయని వాడికెవరు చెప్పాలి? చివరికి ఒక షరతు పెట్టాడు. సార్ కూడా ఉంటారు, చిన్న వీడియో తీసుకుంటాం. డాక్టరమ్మకి అది నచ్చలేదు. దూరం నుంచే తియ్యాలి, పక్షిని నేనూ ఆవిడా తప్ప ఎవరూ ముట్టకూడదు, తల మీది తొడుగు తియ్యకూడదు అంది. కళ్లకి గుడ్డ తొడుగు ఉంటే పిల్ల చీకటి పడిందనుకుని సద్దుమణుగుతుంది. "మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు మేనేజరు.

ఆ రోజు వచ్చేసరికి పెద్దదానికి సరిగ్గా నెల. చిన్నదానికి రెండు రోజులు తక్కువ. డాక్టరమ్మ గేటు బయట చాలాసేపు ఆలోచించింది.

"ఇడిసిపెడదామా అంకుల్? లేట్ అయింది."

"నేనున్నాను కదమ్మా" అన్నాను.

ఆ మాట అనకపోయినా బాగుండేది. అన్నాను.

"సరే. ఇయ్యాల ఆఖరు. రేపైతే ఎక్కనియ్య" అంది.

ఎనిమిదింటికి అనుకున్నాం. తొమ్మిదైనా హీరోగారు బయటికి రాలేదు. ఎండ ముదురుతుంటే ఇక ఆగలేనని డాక్టరమ్మ పని మొదలుపెట్టించింది. ఎక్కాను. రెండింటినీ సంచిలో పెట్టి దించాను. చిన్నదాన్ని ఒళ్లో పట్టుకున్నప్పుడు దాని గుండె నా అరచేతికి తెలుస్తోంది. ఇరవై నిమిషాల్లో రెండింటికీ కడియాలు పడ్డాయి. కొలతలు రాశారు. మళ్లీ ఎక్కి గూట్లో పెట్టి వచ్చాను. మేనేజరు ఫోనులో ఏదో తీసుకున్నాడు. అంతా అనుకున్నట్టే అయింది. శ్రీనగర్ కాలనీలో ఇంకో గూడు ఉంది, ఆ ఇంటాయన ఆఫీసుకి వెళ్లేలోపు చేరాలి. మీరు తాళ్లు విప్పుకుని వచ్చెయ్యండి అంకుల్ అని చెప్పి డాక్టరమ్మ స్కూటరెక్కి వెళ్లింది.

ఆవిడ స్కూటరు మలుపు తిరిగిన కాసేపటికే హీరోగారు బయటికొచ్చారు.

ఆయన చెడ్డవాడని రాయను. రాస్తే నాకు సులువుగా ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఒక షూటింగులో నాకు చెయ్యి కోసుకుంటే తన కారిచ్చి ఆసుపత్రికి పంపిన మనిషి. తెల్లచొక్కా వేసుకుని, ముఖానికి సన్నగా మేకప్ కూడా వేసుకుని వచ్చారు. "అయ్యో, అయిపోయిందా? మిస్సయ్యానే" అన్నారు. నిజంగానే బాధపడ్డారు.

"ఏం పర్లేదు సార్, ఇంకా తాడు ఉంది కదా" అన్నాడు మేనేజరు. నా వైపు తిరిగాడు. "అన్నా, వన్ మోర్."

"ఓకే సర్, రెడీ" అన్నాను.

ఎవరూ నన్ను బెదిరించలేదు. బతిమాలలేదు కూడా. కుక్కని ఉస్కో అంటే పరిగెత్తినట్టు పరిగెత్తాను. మనిషి బుర్రలో ఎక్కడో ఆలోచించే చోటు ఒకటుంటుందంటారు. ముప్పై ఏళ్లలో నాకది అరిగిపోయిందనుకుంటాను.

సగం ఎక్కాక గుర్తొచ్చింది. ఒక గూటికి ఒక్కసారే. తాడు మీద వేలాడుతూ ఆగాను కూడా. కింద హీరోగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. దిగిపోవచ్చు. మేడమ్ వద్దన్నారు సార్ అంటే ఆయన ఒక్క మాట కూడా అనరని నాకు తెలుసు. అయిదు నిమిషాల పనేగా అని నాకు నేనే చెప్పుకున్నాను. అలవాటు మీద ఎక్కింది ఆ సగమే. మిగతా సగం తెలిసి ఎక్కాను.

తల్లి గద్ద వచ్చి హెల్మెట్ మీద రెండుసార్లు తన్నింది. పెద్దది నన్ను చూసి గూటి అంచు దాటి కొమ్మ మీదికి పోయి రెక్కలు విప్పింది. చిన్నది ఎక్కడికీ పోలేదు. మూల నక్కి నోరు తెరుచుకుని ఉంది. చేతికి అందింది గనక దాన్నే తీసి, తలకి తొడుగు వేసి దించాను.

కింద హీరోగారు తువ్వాలు పరుచుకున్న చేతుల్లోకి తీసుకున్నారు. "ముఖం కనపడాలి కదన్నా, ఆ గుడ్డ తీసెయ్యండి" అన్నాడు మేనేజరు. తీశాను. రెక్కలు కొట్టుకోకుండా పక్క నుంచి నేను అదిమిపట్టాను. కడియం అప్పటికే కాలికి ఉంది. హీరోగారు దాని మీద రెండు వేళ్లు ఆనించి, అప్పుడే తొడుగుతున్నట్టు కెమెరా వైపు చూసి నవ్వారు. ఒకసారి వెలుగు చాల్లేదన్నారు. ఒకసారి మధ్యలో ఎవరిదో ఫోను మోగింది. మూడోసారికి కుదిరింది. పిల్ల నోరు తెరుచుకుని రొప్పుతోంది. పక్షి కన్ను అంత పెద్దదవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది భయపడుతోందేమో కదా?" అన్నారు హీరోగారు.

"అదేం లేదు సార్" అన్నాను నేనే.

పైకి తీసుకెళ్లి గూట్లో పెట్టాను. అది కూర్చోలేదు. నిలబడి వణుకుతోంది. కాసేపు చూసి దిగాను. హీరోగారు లోపలికి వెళ్లిపోయారు. తాడు చుట్టుకుంటూ ఉన్నాను. వెనక పోర్టికోలో, తడిబట్ట తీసి నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది.

గ్రానైట్ రాళ్ల మీద పడి ఉంది. ఒక రెక్క ముడుచుకుంది. రెండో రెక్క దానికి సంబంధం లేనట్టు పక్కకి తిరిగిపోయి ఉంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి తన భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు.

"పాణం ఉన్నది. జర మెల్లగ పట్టుకోండి" అన్నాడు.

"మళ్లీ పైన పెట్టెయ్యండన్నా, తల్లి చూసుకుంటుంది" అన్నాడు మేనేజరు.

వాచ్‌మన్ వాడి వంక చూసిన చూపు నేను మర్చిపోను. ఆ చూపు నా వైపు కూడా తిరిగింది. నేను తల వంచుకుని డాక్టరమ్మకి ఫోను చేశాను.

"దానంతట అదే దూకేసిందమ్మా. తాళ్లు చుట్టుకుంటున్నాను, దూకేసింది."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకే నోరు తడబడలేదు.

పావుగంటలో వచ్చింది. తువ్వాలు తీసి చూసి, రాళ్ల మీదే కూర్చుండిపోయింది. ఏడవలేదు. "తప్పు నాదే అంకుల్" అంది. "నెల నిండే దాంక ఆగుడే తప్పు. ఇడిసిపెట్టాలని నా మనసుకు తెల్సు." మేనేజరు ఆవిడ వెనక నిలబడి నాకు చేత్తో ఊరుకోమని సైగ చేశాడు. వాడు సైగ చెయ్యకపోయినా ఊరుకునేవాణ్ణే. అప్పుడు చెప్పాల్సింది. రెండే ముక్కలు. కొండెక్కమన్నా ఎక్కేవాణ్ణి గానీ ఆ రెండు ముక్కలూ నా నోట రాలేదు.

పక్షుల ఆసుపత్రిలో చూసి, భుజం దగ్గర కీలు నుజ్జయింది, బతుకుతుంది గానీ ఎగరదు అన్నారు. ఊరి చివర పక్షుల్ని సాకే చోట ఒక పంజరంలో పెట్టారు. ఎక్కడికెళ్లినా తెలియాలని తొడిగిన కడియం ఇంకా దాని కాలికే ఉంది.

డాక్టరమ్మ రిజిస్టర్లో కారణం దగ్గర "ఆలస్యంగా కడియం వేయడం, నా నిర్ణయం" అని రాసుకుంది. పైవాళ్లకీ అదే రాసింది. పిల్లకి హాని జరిగింది గనక నగరంలో ఈ పని ఆపేస్తున్నానని రాసి, మిగిలిన కడియాలు వెనక్కి పంపేసింది. నాలుగేళ్లుగా ఎండలో తిరిగి నిలబెట్టుకున్న పని. ఆ సంగతి చెప్పడానికి మా ఇంటికొచ్చింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. తాగుతూ తాగుతూ, "మీరు పరేషాన్ కాకుండ్రి అంకుల్. మీ పని మీరు మంచిగనే చేసిండ్రు" అంది. చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. అప్పుడు కూడా చెప్పలేదు. ఆవిడ వెళ్లాక మా ఆవిడ నా కళ్లలోకి చూసి, "ఏదో దాస్తున్నారు" అంది. విసుక్కుని బయటికి పోయాను.

మూడు వారాలకి వీడియో బయటికొచ్చింది. హీరోగారి పుట్టినరోజుకి వదిలారు. వెనక ఫ్లూటు. కింద "మూగజీవాలను ప్రేమిద్దాం" అని అక్షరాలు. చూసినవాళ్లంతా దండం గుర్తులు పెట్టారు, దేవుడివయ్యా అని రాశారు. హీరోగారి చేతుల్లో చిన్నది కెమెరా వైపు చూస్తోంది. ఫ్రేము అంచున, దాని రెక్కలు కదలకుండా అదిమిపట్టిన రెండు చేతులు కనపడుతున్నాయి. కుడి అరచేతి మీద తాడు ఒరిపిడి మచ్చ. ముప్పై ఏళ్లలో మొదటిసారి నేను ఫ్రేములోకి వచ్చాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి డాక్టరమ్మ మా వాకిట్లో కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఫోను తీసి ఆ వీడియో పెట్టింది. ఒకచోట ఆపి, వేళ్లతో పెద్దది చేసి నా ముందు పట్టుకుంది.

"కడియం కాలికి ఉన్నది అంకుల్. ఆయన వేలి కింద కనపడుతున్నది. నేను తొడిగి మీ చేతికిచ్చిన, మీరు గూట్ల పెట్టిండ్రు. మళ్ల కిందికి ఎట్ల వచ్చింది?"

తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి వింటోంది.

"రెండోసారి ఎక్కానమ్మా."

"ఎవరు ఎక్కమన్నరు?"

మేనేజరు అని చెప్పబోయాను. ఆ పేరు చెప్తే ఆవిడ నమ్ముతుంది, కోపం వాడి మీదికి పోతుంది. నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆ ఒక్కసారికి ఆగాను.

"అడిగారు. వద్దంటే ఊరుకునేవాళ్లే. నేనే ఎక్కాను."

ఆవిడ సంచిలోంచి రిజిస్టరు తీసి, ఆ గూటి పేజీ తెరిచి, తను రాసింది అడ్డంగా కొట్టేసి, పెన్ను నా చేతికిచ్చింది.

"మీరే రాయుండ్రి."

రాశాను. "చిన్న పిల్ల. కడియం వేసిన రోజే గూటికి రెండోసారి ఎక్కారు. ఎక్కింది నేను. అందువల్ల దూకింది." నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, ఆ రోజు మరీ వంకర పోయాయి. కింద సంతకం పెట్టమంది. పెట్టాను.

అప్పుడు బతిమాలుకున్నాను. "తప్పు నీది కాదని తెలిసిందిగా అమ్మా. పైవాళ్లకి ఇదే రాసెయ్. కడియాలు మళ్లీ తెప్పించు. జనవరిలో మళ్లీ గూళ్లు కడతాయి. ఆపేయకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకుంది. గొంతులో కోపం లేదు.

"రాస్త అంకుల్. రాసుడెంతసేపు. కడియాలు వస్తయి, అనుమతి వస్తది. గూటికి ఎవర్ని ఎక్కియ్యాలె? మీకంటే మంచిగ ఎక్కేటోళ్లు నాకు దొరకరు. మీరే గిట్ల చేస్తే, ఇగ ఎవర్ని నమ్మాలె?"

లోపలికి వెళ్లి హెల్మెట్ తెచ్చి ఇచ్చాను, ఎవరెక్కినా ఇది కావాల్సి వస్తుందమ్మా అన్నాను. వద్దనలేదు. దాని మీది గోటి గీతల్ని ఒకసారి వేలితో తడిమి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.